పూనకమా.. మత్తా.. మతిభ్రమణమా?

* దేవరగట్టు కర్ర దెబ్బకు చట్టం వేసే ప్రశ్న ఒక్కటే
* ‘ఏం చేశానో తెలియదు’ అన్న మాట ఎప్పుడు చెల్లుతుంది.. ఎప్పుడు చెల్లదు?
* నేటి చికిత్స చీటీయే రేపటి సాక్ష్యం

దేవరగట్టు (హొళగుంద): విజయదశమి నాటి అర్ధరాత్రి. కొండపై మాళమ్మ, మల్లేశ్వరులకు కల్యాణం ముగుస్తుంది. ఉత్సవ విగ్రహాలు మెట్లు దిగుతాయి. వేలాది కర్రలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. దివిటీల వెలుగులో ఎవరు ఏ ఊరివారో పోల్చుకోవడం కష్టం. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు విగ్రహాలకు రక్షణగా నిలుస్తారు. అరికెర, ఎల్లార్తి, సుళువాయి, బిలేహాల్, విరుపాపురం తదితర గ్రామాలవారు వాటిని దక్కించుకునేందుకు ముందుకు వస్తారు. ముళ్లబండ, పాదాలగట్టు, రాక్షసపడ, శమీవృక్షం మీదుగా సాగే జైత్రయాత్ర తెల్లవారేసరికి బసవన్న గుడికి చేరుతుంది. అక్కడ వర్షాలు, పంటలు, ధరలపై భవిష్యవాణి వినిపిస్తారు. ఈలోగా పదుల సంఖ్యలో తలలు పగులుతాయి. గాయపడినవారిలో అనేకులు బండారు అద్దుకొని ఇంటిదారి పడతారు. మిగిలినవారు వైద్య శిబిరానికి, అక్కడి నుంచి ఆదోనికి, ఆలూరుకు తరలుతారు.

ఆ మరునాడు పల్లెల్లో వినిపించే మాట ఒకటుంది. ‘ఆ వేళ ఎవరి వశంలో ఎవరుంటారు? స్వామి ఆడించాడు, జనం ఆడారు’ అన్నది ఆ మాట. భక్తుని నోట అది విశ్వాసం. అదే మాటను నిందితుడు న్యాయస్థానంలో పలికితే అది ఒక వాదన అవుతుంది. వాదనకు రుజువు కావాలి. పూనకం వచ్చిందన్నా, మద్యం మత్తులో ఉన్నానన్నా, మతి చలించిందన్నా చట్టం మూడింటినీ ఒకే గాటన కట్టదు. మూడింటికీ మూడు వేర్వేరు దారులున్నాయి. ఆ దారులు ఎక్కడికి చేరుస్తాయో తెలియక నిజమైన రోగులు జైళ్లలో మగ్గిన ఉదంతాలున్నాయి. రోగం పేరు చెప్పి తప్పించుకోజూసినవారికి శిక్ష పడిన ఉదంతాలూ ఉన్నాయి.

ఒప్పుకొని వచ్చినా నేరమే

మణి, మల్లాసురులనే రాక్షసులను పరమేశ్వరుడు సంహరించిన ఘట్టానికి గుర్తుగా బన్ని ఉత్సవం జరుగుతుందని స్థలపురాణం. కర్రలు పట్టడం రాక్షస సంహారాన్ని అభినయించడమే తప్ప కొట్లాట కాదని గ్రామస్థులు చెబుతారు. రాక్షసులకు ఇచ్చిన మాట ప్రకారం రాక్షసపడ వద్ద పూజారి తన తొడ నుంచి తీసిన రక్తాన్ని సమర్పించే ఆచారం నేటికీ ఉంది. ఉత్సవానికి ముందు నెరణికి పరిసర గ్రామాలవారు పాలు ముట్టి కట్టుబాటు చెప్పుకొంటారు. ఇష్టపూర్వకంగా వచ్చినవారికి తగిలిన దెబ్బపై కేసు ఏమిటన్న ప్రశ్న ఈ నేపథ్యంలోనే పుడుతుంది.

ఇష్టపూర్వక ప్రమాదాన్ని చట్టం కొంతవరకు గుర్తించింది. 2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్ ఇందుకు సంబంధించినది. పాత స్మృతిలో ఇది 87వ సెక్షన్. వినోదం కోసం ఇద్దరు కత్తిసాము చేయడానికి అంగీకరించి, మోసం లేకుండా ఆడుతుండగా ఒకరికి గాయమైతే రెండోవారిది నేరం కాదని ఆ సెక్షన్ కిందనే ఉదాహరణ ఇచ్చారు. అయితే మూడు కట్టుబాట్లు పెట్టారు. అంగీకరించిన వ్యక్తికి 18 ఏళ్లు నిండి ఉండాలి. చంపాలన్న లేదా తీవ్రంగా గాయపరచాలన్న ఉద్దేశం కొట్టినవారికి ఉండరాదు. ఆ దెబ్బ మరణానికి గానీ తీవ్రగాయానికి గానీ దారితీయగలదన్న ఎరుక కూడా వారికి ఉండరాదు.

ఇనుప రింగులు తొడిగిన కర్రను తలపైకి ఎత్తినవానికి ఈ మూడో కట్టుబాటు వద్దే చిక్కు వస్తుంది. ఎముక విరగడం, కంటిచూపు పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం, 15 రోజులపాటు తీవ్రమైన బాధతో ఉండటం లేదా నిత్యకృత్యాలు చేసుకోలేకపోవడం వంటివి 116వ సెక్షన్ ప్రకారం తీవ్రగాయాలు. పాత స్మృతిలో ఈ గడువు 20 రోజులుగా ఉండేది. ప్రమాదకరమైన ఆయుధంతో ఉద్దేశపూర్వకంగా తీవ్రగాయం చేస్తే 118వ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. లేదా ఏడాదికి తగ్గకుండా పదేళ్ల వరకు జైలు, జరిమానా విధించవచ్చు. అయిదుగురు లేదా అంతకు మించి ఒకే చట్టవిరుద్ధ లక్ష్యంతో గుమిగూడి ఉంటే, దెబ్బ వేసిన చెయ్యి ఒకరిదే అయినా 190వ సెక్షన్ మిగిలినవారినీ బాధ్యులను చేస్తుంది.

మరొక మెలిక ఉంది. మద్యం మత్తులో గానీ మతిస్థిమితం లేని స్థితిలో గానీ, తాను దేనికి ఒప్పుకొంటున్నాడో గ్రహించలేని మనిషి ఇచ్చిన అంగీకారం అంగీకారమే కాదని 28వ సెక్షన్ చెబుతోంది. తప్పతాగి గుంపులోకి దిగినవాడు ఇష్టపడే వచ్చాడని కొట్టినవాడు చెప్పినా, ఆ మాట నిలవకపోవచ్చు.

చట్టం దృష్టిలో మతి అంటే..

ఇక అసలు ప్రశ్న. కొట్టినవానికి మతి లేకపోతే?

న్యాయ సంహితలోని 22వ సెక్షన్, అంటే పాత స్మృతిలోని 84వ సెక్షన్, దీనికి సమాధానం. మతిస్థిమితం లేని కారణంగా, ఆ పని చేస్తున్న సమయంలో, తాను చేస్తున్నదేమిటో గానీ, అది తప్పని లేదా చట్టవిరుద్ధమని గానీ తెలుసుకునే శక్తి లేని వ్యక్తి చేసినది నేరం కాదు. సెక్షన్ మొత్తం ఒక్క వాక్యమే. దానిపై నూటయాభై ఏళ్లకు పైగా వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి.

ఈ వాక్యానికి మూలం ఇంగ్లండులో ఉంది. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను లండన్ వీధిలో తుపాకితో కాల్చాడు. అధికార పక్షం తనను వెంటాడి వేధిస్తోందన్న భ్రమ అతనిని పట్టి పీడించేది. మతిభ్రమణం కారణంగా న్యాయస్థానం అతనిని నిర్దోషిగా వదిలింది. దేశమంతటా దుమారం రేగింది. దాంతో ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిపించి వివరణ కోరింది. వారు ఇచ్చిన సమాధానాలే మెక్‌నాటన్ సూత్రాలుగా ప్రసిద్ధికెక్కాయి. 1860లో రూపొందిన భారత శిక్షాస్మృతిపై వాటి ముద్ర స్పష్టం. నిర్దోషిగా బయటపడినా మెక్‌నాటన్ ఇల్లు చేరలేదు. 1865లో మరణించేవరకు మానసిక చికిత్సాలయాల్లోనే గడిపాడు.

సెక్షన్‌ను మన వాడుకలో చెప్పుకోవాలంటే, మనిషి తలను దిష్టి గుమ్మడికాయగా భ్రమించి పగులగొట్టినవానికి తాను చేస్తున్న పని స్వభావమే తెలియదు. అతనికి రక్షణ ఉంది. పొలం గట్టు తగాదాలో కోపం ఆపుకోలేక కొట్టినవానికి పని తెలుసు, తప్పని తెలుసు, చట్టం ఊరుకోదనీ తెలుసు. అతనికి రక్షణ లేదు. తెలిసి కూడా ఆపుకోలేకపోయానన్నది భారతదేశంలో దానంతట అదే రక్షణ కాదు.

సుబ్బారావు చూపిన దారి

మతిస్థిమితం లేదని ఎవరు రుజువు చేయాలి? ఎంతమేరకు చేయాలి? ఈ సందేహాన్ని తీర్చినది ఒక తెలుగు న్యాయమూర్తి. రాజమహేంద్రవరంలో జన్మించి, 1954లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా, అనంతరం భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు 1964లో సుప్రీంకోర్టులో వెలువరించిన తీర్పు నేటికీ ప్రతి మతిభ్రమణ కేసులో ప్రస్తావనకు వస్తుంది.

గుజరాత్‌కు చెందిన దయాభాయి ఠక్కర్ భార్యను కత్తితో పొడిచి చంపాడు. ఆమె శరీరంపై 44 గాయాలున్నాయి. ఆ సమయంలో అతనికి మతి లేదని న్యాయవాదులు వాదించారు. తీర్పు మూడు విషయాలు తేల్చింది. ప్రతి మనిషీ మతి ఉన్నవాడేనని చట్టం తొలుత భావిస్తుంది. లేదని చూపే భారం నిందితునిదే. కానీ ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేసినంత గట్టిగా అతను రుజువు చేయనవసరం లేదు. సివిల్ దావాలో మాదిరి, అలా ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. మూడోది అత్యంత కీలకం. మతి లేదని పూర్తిగా చూపలేకపోయినా, అతను ప్రవేశపెట్టిన ఆధారాలు నేర ఉద్దేశంపై సహేతుకమైన సందేహం కలిగిస్తే, ఆ సందేహ ఫలం నిందితునికే దక్కాలి. ఎందుకంటే ఉద్దేశాన్ని రుజువు చేయవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్ భుజాలపై నుంచి ఎన్నడూ దిగదు.

ఇంత చెప్పిన తర్వాత కూడా దయాభాయి అప్పీలును న్యాయస్థానం కొట్టివేసింది. ఘటన జరిగిన వేళ అతని మతి తప్పిందనడానికి ఆధారం లేదని తేల్చింది. సూత్రం ఉదారమే కానీ రుజువు విషయంలో మినహాయింపు లేదని ఆ తీర్పు చాటింది.

వైద్యుని మాట వేరు.. న్యాయస్థానం మాట వేరు

వైద్యుడు ఒక వ్యక్తిని మానసిక రోగి అన్నంత మాత్రాన న్యాయస్థానం అతనిని వదిలివేయదు. వైద్యపరమైన మతిభ్రమణం వేరు, చట్టపరమైన మతిభ్రమణం వేరు అని సుప్రీంకోర్టు 2007లో బాపు కేసులోను, 2011లో సురేంద్ర మిశ్రా కేసులోను స్పష్టం చేసింది. ముక్కోపం, వింత ప్రవర్తన, అప్పుడప్పుడు వచ్చే మూర్ఛ, లోగడ ఎన్నడో జరిగిన చికిత్స.. ఇవేవీ వాటంతట అవే చాలవు. ఆ ఘడియలో తెలివి పనిచేసిందా లేదా అన్నదే ప్రశ్న.

ఆ ఘడియను న్యాయమూర్తి కళ్లారా చూడలేదు కాబట్టి దానికి ముందు, అప్పుడు, ఆ తర్వాత నిందితుడు ఎలా ప్రవర్తించాడో చూస్తారు. కర్ర దాచాడా? రక్తపు బట్టలు ఉతికాడా? పారిపోయాడా? పాత కక్ష ఉందా? ఉంటే తెలివి పనిచేసినట్లే. కారణం లేకుండా, అయినవారినే కొట్టి, ఎవరూ పట్టుకోకున్నా అక్కడే కూర్చున్నాడా? అప్పుడు న్యాయస్థానం ఆలోచిస్తుంది.

ఆలోచించి వదిలిన కేసులూ లేకపోలేదు. మహారాష్ట్రలో భార్యను రుబ్బురాయితో కొట్టి చంపిన ఒక పోలీసు కానిస్టేబుల్‌ను 2002లో సుప్రీంకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రెనియా ఉందనడానికి ఘటనకు ముందు నాటి చికిత్స వివరాలున్నాయి. జైలులో ఉండగా పదేపదే ఆసుపత్రికి తీసుకువెళ్లిన నమోదులున్నాయి. తండ్రికీ అటువంటి జబ్బు ఉండేదని తేలింది. హత్యకు బలమైన కారణం కనబడలేదు. ఇవన్నీ కలిపి అతనిని కాపాడాయి. రాజస్థాన్‌లో ఆలయ పూజారి తలపై రాయి వేసి మరణానికి కారకుడైన వ్యక్తిని అక్కడి హైకోర్టు విడుదల చేయగా, ఆ తీర్పును 2011 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడా వైద్య ఆధారాలే ప్రాణం పోశాయి.

పూనకానికి సెక్షన్ లేదు

శిక్షాస్మృతిలో గానీ న్యాయ సంహితలో గానీ పూనకమన్న మాట ఎక్కడా కనబడదు. వైద్యశాస్త్రం మాత్రం దీనిపై ఒక గీత గీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో పూనకానికి సంబంధించిన రుగ్మతకు చోటుంది. అయితే మతపరమైన ఉత్సవంలో భాగంగా, సమాజం ఆమోదించిన రీతిలో వచ్చే పూనకాన్ని రోగంగా లెక్కించరాదని అదే వర్గీకరణ చెబుతోంది. మనిషి ప్రమేయం లేకుండా, ఆచారాలకు వెలుపల వచ్చి, బతుకును దెబ్బతీస్తేనే అది రుగ్మత.

దీని పర్యవసానం ఆలోచించదగినది. నల్ల కంబళి, ఎలుగుబంటి చర్మపు టోపీతో డమరుకం మోగిస్తూ ఆడే గొరవయ్య ఆవేశాన్ని వైద్యుడు జబ్బు అనడు. భక్తికి అది గౌరవం. కానీ జబ్బు కాదన్నప్పుడు మతిభ్రమణ రక్షణకు ఆధారం కూడా ఉండదు. ఉత్సవంలో ఊగిపోయి కర్ర విసిరినవానికి అందుచేత 22వ సెక్షన్ నీడ దొరకడం దాదాపు అసాధ్యం.

నమ్మకం మనిషిని కాపాడిన కేసు ఒకటి పొరుగు రాష్ట్రంలో ఉంది. 1958లో ఒడిశాలోని బాలాసోర్ జిల్లా రస్‌గోవింద్‌పూర్‌లో పాడుబడిన విమానాశ్రయం వద్ద రాత్రివేళ దయ్యాలు తిరుగుతాయన్న ప్రచారం ఉండేది. చూద్దామని వెళ్లిన బృందానికి దూరాన మినుకుమినుకుమనే వెలుతురు, దాని చుట్టూ కదిలే ఆకారాలు కనిపించాయి. బృందంలోని నేపాలీ సేవకుడు రామ్ బహదూర్ థాపా కుక్రీతో వాటిపై విరుచుకుపడ్డాడు. ఆ ఆకారాలు లాంతరు పెట్టుకొని ఇప్పపూలు ఏరుకొంటున్న గిరిజన స్త్రీలు. ఒకరు మరణించారు. కొందరు గాయపడ్డారు. ఒడిశా హైకోర్టు అతనిని విడుదల చేసింది. మతి లేదన్నది దానికి కారణం కాదు. తాను దయ్యాలనే కొడుతున్నానని సద్బుద్ధితో నమ్మాడని, అది వాస్తవం విషయంలో జరిగిన పొరపాటని, అటువంటి పొరపాటుకు 79వ సెక్షన్ రక్షణ ఇస్తుందని పేర్కొంది. న్యాయ సంహితలో ఇది 17వ సెక్షన్.

దేవరగట్టులో ఆ వాదన కుదరదు. ఎదుట ఉన్నది రాక్షసుడు కాదని, పొరుగూరి మనిషేనని కర్ర పట్టిన ప్రతివానికీ తెలుసు.

తాగినవానికి తెలివి ఉన్నట్లే

ఉత్సవానికి ముందు పోలీసులు ఏటా మద్యం అడ్డుకోవడానికి, రింగుల కర్రలు స్వాధీనం చేసుకోవడానికి, పాత గొడవల్లో ఉన్నవారిని బైండోవర్ చేయడానికి ప్రయత్నిస్తారు. మద్యంపై ఇంత పట్టుదలకు చట్టంలోనే కారణం ఉంది.

ఎవరైనా మనిషికి తెలియకుండా గానీ బలవంతంగా గానీ మత్తు పట్టించినప్పుడే 23వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. తానై తాగినవాడు తాగనివానికి ఉండే ఎరుకతోనే ప్రవర్తించినట్లు 24వ సెక్షన్ భావిస్తుంది. 1956 నాటి బసదేవ్ కేసు దీనికి మూలస్తంభం. పెళ్లి విందుకు వెళ్లిన మాజీ సైనికోద్యోగి బాగా తాగాడు. తాను కూర్చోవడానికి పక్కకు జరగమంటే జరగలేదని ఒక బాలుని పొట్టలో కాల్చాడు. మత్తులో ఉన్నందున హత్యానేరం తగ్గించాలన్న వాదనను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నడక తడబడినా, తాను చేస్తున్నదేమిటో తెలుసుకోలేనంతగా అతని మనసు మసకబారలేదని తేల్చింది. అర సీసా ధైర్యంతో కర్ర పట్టేవారు ఈ కేసును గుర్తుంచుకోవడం మేలు.

ఆజ్ఞ అయిందన్నవారి సంగతి

దైవాజ్ఞ అయిందని, అందుకే చేశానని నిజంగా నమ్మే రోగి విషయంలో న్యాయస్థానాలకే ఏకాభిప్రాయం లేదు. కలలో స్వర్గం నుంచి ఆదేశం అందిందని కన్నకొడుకును బలి ఇచ్చిన తండ్రి ఉదంతం 1940వ దశకం చివర కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చింది. చేస్తున్న పని తెలిసినా, అది తప్పని గ్రహించే శక్తి అతనికి లేదని ఆ న్యాయస్థానం భావించి విడుదల చేసింది. ఆ దృష్టితో అలహాబాద్ హైకోర్టు 1959లో విభేదించింది. ఒక మనిషి నమ్మకాన్ని బట్టి తప్పొప్పులు నిర్ణయించరాదని, తెలుసుకునే శక్తి ఉందా లేదా అన్నదే చూడాలని పేర్కొంది.

ఈ చర్చ రాయలసీమ గుమ్మంలోకే వచ్చిన రోజు 2021 జనవరి 24. మదనపల్లెలో ఉన్నత విద్యావంతులైన దంపతులు, తిరిగి బతికి వస్తారన్న నమ్మకంతో, ఎదిగిన ఇద్దరు కుమార్తెలను ఇంట్లోనే హతమార్చారన్న వార్త రాష్ట్రాన్ని నివ్వెరపరచింది. అరెస్టు తర్వాత వారిని మానసిక వైద్యులు పరీక్షించారు. అనంతరం చికిత్స కోసం విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. చదువు ఎంత ఉన్నా భ్రమకు అడ్డుకట్ట కాదని ఆ ఉదంతం చాటింది. ఇంటిలో నెలల తరబడి మారుతూ వచ్చిన మాటతీరును చుట్టుపక్కలవారు భక్తిగా భావించి ఊరుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నను అది ప్రతి వీధికీ వేసింది.

నిర్దోషి.. అయినా ఇంటికి కాదు

మతి లేదని తేలితే కేసు పోతుంది, మనిషి ఇంటికొస్తాడని పల్లెల్లో ఒక అపోహ ఉంది. వాస్తవం వేరు. విచారణ వేళకే నిందితుడు తన వాదన చెప్పుకోలేని స్థితిలో ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 367, 368 సెక్షన్ల కింద వైద్య పరీక్ష జరుగుతుంది. అవసరమైతే విచారణ వాయిదా పడుతుంది. ఆసుపత్రిలో ఉంచవలసిన అవసరం లేదనుకొంటే, చికిత్స చేయిస్తామని, ఎవరికీ హాని కలగకుండా చూస్తామని బంధువు లేదా మిత్రుడు పూచీ ఇచ్చిన మీదట బెయిలు ఇవ్వవచ్చు.

విచారణ ముగిసి మతిభ్రమణం కారణంగా నిర్దోషిగా తేలితే, ఆ పని చేసినది అతనేనా కాదా అన్నది తీర్పులో ప్రత్యేకంగా రాయాలని 373వ సెక్షన్ చెబుతోంది. చేసినది అతనే అయితే, 374వ సెక్షన్ ప్రకారం సురక్షిత నిర్బంధంలో ఉంచాలి, లేదా పూచీకత్తుపై బంధువులకు అప్పగించాలి. ఆ నిర్బంధానికి ముగింపు తేదీ తీర్పులో రాసి ఉండదు.

అడిగేవారు లేకుంటే ఏమవుతుందో అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్ జీవితమే చెబుతుంది. 1951లో తీవ్రగాయం కేసులో, అంటే దేవరగట్టు దెబ్బకు కూడా వర్తించగల 326వ సెక్షన్ కిందే, ఆయనను అరెస్టు చేశారు. తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. 1967లో కోలుకున్నాడని వైద్యులు చెప్పినా ఇంటికి పంపలేదు, జైలుకు మార్చారు. విచారణ జరగనే లేదు. 2005లో ఒక్క రూపాయి పూచీకత్తుపై బయటకు వచ్చేనాటికి 54 ఏళ్లు గడిచాయి. 2007లో సుప్రీంకోర్టు రూ.3 లక్షల పరిహారం ఇప్పించింది. అదే ఏడాది ఆయన కన్నుమూశారు.

కాగితం లేని రోగి

ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతాలు వలసలకు పెట్టింది పేరు. పంట చేతికి రాని ఏడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప చేలకు, బెంగళూరు నిర్మాణ పనులకు తరలిపోతాయి. ఇంట్లో ఒకరికి మాట తేడా వస్తే తొలుత వెళ్లేది గుడికి, దర్గాకు, మంత్రం వేసేవారి వద్దకు. ఆ తర్వాత ఎప్పుడో ఆసుపత్రి. అక్కడ ఇచ్చిన చీటీ వలసలో పోతుంది. తీరా ఒకనాడు ఆ మనిషి చేతిలో ఎవరికో దెబ్బ తగిలితే, పదేళ్లుగా ఊరంతటికీ తెలిసిన జబ్బుకు న్యాయస్థానంలో చూపడానికి ఒక్క కాగితం ఉండదు. ఊరివారి నోటిమాటకు విలువ ఉన్నా, వైద్యుని రాత తోడైతేనే దానికి బలం.

దర్యాప్తు అధికారికీ బాధ్యత ఉంది. నిందితునికి పూర్వం మతి తప్పిన చరిత్ర ఉందని దర్యాప్తులో తెలిస్తే వెంటనే వైద్య పరీక్ష చేయించి, ఆ ఆధారాన్ని న్యాయస్థానం ముందుంచాలని, అలా చేయకపోవడం ప్రాసిక్యూషన్ కేసులో లోపమేనని సుప్రీంకోర్టు పలుమార్లు పేర్కొంది. అరెస్టు నాడే కుటుంబం ఈ విషయం చెప్పకపోతే ఆ అవకాశం చేజారుతుంది.

కుటుంబాలు గుర్తుంచుకోవలసినవి

* నిద్ర లేకపోవడం, లేని మాటలు వినిపించడం, అందరినీ అనుమానించడం వారాల తరబడి సాగితే మొక్కుతోపాటు వైద్యమూ చేయించాలి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీమానస్ ద్వారా ఉచితంగా సలహా లభిస్తుంది.

* ఆసుపత్రి చీటీలు, మందుల వివరాలు తేదీల వారీగా దాచుకోవాలి. పోగొట్టుకొంటే, తన వైద్య వివరాలు కోరే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి కల్పించింది.

* కేసు నమోదైతే జబ్బు సంగతి తొలిరోజే పోలీసులకు, రిమాండుకు హాజరుపరచిన న్యాయమూర్తికి రాతపూర్వకంగా తెలపాలి.

* న్యాయవాదిని పెట్టుకొనే స్తోమత లేకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. నిర్బంధంలో ఉన్నవారికి, మానసిక వైకల్యం ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హత ఉంది.

* జబ్బు ఉన్న మనిషిని, 18 ఏళ్లు నిండని పిల్లలను ఉత్సవ రాత్రి గుంపులోకి పంపరాదు. కర్ర దెబ్బలే కాదు, తొక్కిసలాటా ప్రమాదమే. 2023 అక్టోబరులో వేడుక చూడటానికి చెట్టెక్కినవారి బరువుకు కొమ్మ విరిగి ప్రాణనష్టం జరిగిన సంగతి మరువరాదు.

దేవరగట్టు భవిష్యవాణిలో ఏ పంటకు ఎంత ధర పలుకుతుందో వినడానికి మూడు రాష్ట్రాల భక్తులు చెవులు రిక్కిస్తారు. ఆ తెల్లవారుజామునే వైద్య శిబిరంలో తలకు కట్టు కట్టించుకొంటున్నవాని భవిష్యత్తు, అతనిని కొట్టి చీకట్లో కలిసిపోయినవాని భవిష్యత్తు మాత్రం ఆ వాణిలో వినబడవు. అవి తేలేది ఆదోని న్యాయస్థానంలో. అక్కడ అడిగే ప్రశ్న చాలా చిన్నది. ఆ క్షణాన నీవు చేస్తున్నదేమిటో నీకు తెలుసా? తెలిసినవాడు శిక్షకు సిద్ధపడాలి. తెలియనివానికి చికిత్స అందాలి. ఈ ఇద్దరినీ వేరు చేయగల ఆధారం ఉత్సవ రాత్రి పుట్టదు. ఏడాది పొడవునా ఇంట్లో, ఊళ్లో, ఆసుపత్రిలో కూడబెట్టుకోవలసిందే.